ఎనభయ్యో రోజున లోపలికి

కొత్తగా జర్మనీ వచ్చిన మన నర్సు పిల్లలు ఫోన్ చేస్తే అడిగేవన్నీ ఒకటే రకం. బి2 జర్మన్ పరీక్ష ఎలా గట్టెక్కాలి, ఆన్‌మెల్డుంగ్‌కి, అదే చిరునామా నమోదుకి, అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుంది, ఎంత అద్దెలో ఇల్లు వస్తుంది, నైట్ డ్యూటీలు తప్పించుకునే దారేమైనా ఉందా. వీటికి జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళనే అడగండి. స్టుట్‌గార్ట్ పక్కన ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నా ఉద్యోగం మొదలైంది, అక్కడే ముగిసింది. ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి పెద్దగా రాలేదు కూడా.

మీకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. మన దగ్గరికి వచ్చే తల్లి ఒట్టి చేతులతో రాదు. వెయ్యేళ్ళ నాటి నమ్మకమొకటి ఒడిలో పెట్టుకుని వస్తుంది. మనం దాన్ని చూడం. ట్యూబు సరిగ్గా ఉందా, ఆక్సిజన్ ఎంతుంది, అంతే చూస్తాం. నేనూ చాలా ఏళ్ళు అంతే చూశాను.

సీసాలో నీళ్ళు

మాది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు పని నేర్పినావిడ సిస్టర్ గెర్ట్రూడ్. తెల్ల టోపీ, నల్ల బూట్లు, నవ్వంటే ఏమిటో తెలియని మొహం. మందుల బీరువాలో ఒక మూల చిన్న సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళుండేవి. రోజూ పొద్దున ఆవిడే మార్చేది. పాస్టర్ వచ్చేలోపు బిడ్డ పోయేలా ఉంటే, క్రైస్తవులెవరైనా ఆ నీళ్ళతో బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఇక్కడ దాన్ని నోట్‌టావ్‌ఫె అంటారు. అలా నేనూ ఇచ్చాను. ఎన్నిసార్లో లెక్క పెట్టుకోలేదు.

ఒకసారి ట్రైనింగులో ఉన్న జర్మన్ పిల్ల ఒకతి, బిడ్డ నీలంగా మారుతుంటే కంగారుపడి, తల్లిని అడక్కుండానే నీళ్ళు చల్లేసింది. దేవుడి పని చేశానని మురిసిపోతూ వచ్చి చెప్పింది. సిస్టర్ గెర్ట్రూడ్ ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టి, "నువ్వు దేవుడికి సాయం చెయ్యలేదు. తల్లి దగ్గర దొంగతనం చేశావు," అంది. ఆ పిల్ల సాయంత్రం దాకా ఏడ్చింది. నాకు ముసలావిడ మీద ఒళ్ళు మండింది. బిడ్డ పోతుంటే అనుమతులేమిటి అనుకున్నాను. ఆ మాటకు అర్థం నాకు కరోనా రోజుల్లో గానీ తెలియలేదు.

ఒక బిడ్డకు ఒక్కరే

కరోనా మొదటి శీతాకాలం. మా వార్డులో ఒక్కో గదిలో నాలుగు ఇంక్యుబేటర్లు. బిడ్డకు ఒక్కరే లోపలికి రావాలి, అదీ టెస్ట్ చేయించుకుని, గౌను, మాస్కు వేసుకుని. బయటికి వెళ్ళి మళ్ళీ రావాలంటే మళ్ళీ టెస్ట్, పట్టీ మీద ఫలితం తేలేదాకా కారిడార్‌లో కుర్చీ. వార్డు ఇన్‌ఛార్జి ఫ్రౌ కెల్లర్. చెడ్డ మనిషి కాదు, ముందే చెబుతున్నాను. అంతకు ముందు నెలలోనే వార్డులోకి జబ్బు పాకి మా నర్సులు కొందరు పడకేశారు. ఆవిడ ఇంటికి కూడా సరిగ్గా వెళ్ళకుండా వార్డునే కాపలా కాస్తుండేది.

ఆ రోజుల్లోనే సెలామావిట్ వచ్చింది. ఇథియోపియాలో గోండర్ వైపు అమ్మాయి. మొగుడు యోనాస్ జిండెల్ఫింగెన్ దగ్గర పార్సెల్ గోడౌన్‌లో పని చేస్తాడు. ఆడపిల్ల, మూడు నెలలు ముందే పుట్టింది. నా అరచేయంత వీపు. సెలామావిట్ రోజూ పొద్దునే వచ్చి, ఇంక్యుబేటర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, బిడ్డ పాదం పట్టుకుని కూర్చునేది. ఎక్కువ మాట్లాడేది కాదు. మెడలో నల్ల దారం ఒకటుండేది, గౌను వేసుకునేటప్పుడు దాన్ని జాగ్రత్తగా లోపలికి దోపుకునేది.

పుట్టిన వారంలోనే ఒక మధ్యాహ్నం బిడ్డ ఊపిరి నిలిచిపోయింది. డాక్టర్ పంపు నొక్కుతూనే, "సిస్టర్ నిర్మలా, నీ సీసా ఉందా?" అన్నాడు. సిస్టర్ గెర్ట్రూడ్ పోయాక ఆ సీసా మార్చే పని నాదైపోయింది. నేను తెచ్చి, సెలామావిట్ ముందు నిలబడి అడిగాను. వాళ్ళూ క్రైస్తవులే, సంతోషంగా ఊ అంటుందనుకున్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు, ష్వెస్టర్." ఇక్కడ నర్సును అలాగే పిలుస్తారు.

"బిడ్డ పోవచ్చమ్మా."

"ఇంకా పోలేదు. ఇది తన రోజు కాదు."

నా పక్కన శాంతి ఉంది. ఖమ్మం పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు, పని మంచిదే గానీ నోరు ఆగదు. తెలుగులో నా చెవి దగ్గర, "ఏంది ఆంటీ ఇది? బిడ్డ అట్ల కొట్టుకుంటాంది, ఈమేమో రోజులు లెక్కపెడ్తాంది. గట్లెట్ల ఉంటరు తల్లులు?" అంది.

నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అయిదారు చుక్కలు, ఎవరికీ తెలియదు. సిస్టర్ గెర్ట్రూడ్ గొంతు వినబడకపోయి ఉంటే ఏం చేసేదాన్నో. సీసా తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశాను. బిడ్డ కాసేపటికి గులాబీ రంగుకు తిరిగింది. సెలామావిట్ మళ్ళీ పాదం పట్టుకుని కూర్చుంది.

మీకెవరిచ్చారు

ఆమె మీద నా కోపం కొన్నాళ్ళు పోలేదు. ఒకరోజు పాలు పట్టే ట్యూబు సరిచేస్తూ, ఉండబట్టలేక, "ఏమిటమ్మా మీ రోజు?" అని అడిగాను.

ఆమె నెమ్మదిగా, జర్మన్ మాటలు వెతుక్కుంటూ చెప్పింది. వాళ్ళలో మగపిల్లాడికి నలభయ్యో రోజున, ఆడపిల్లకు ఎనభయ్యో రోజున బాప్తిస్మం. అంతవరకూ తల్లి కూడా గుడి గడప తొక్కకూడదు. పాత నిబంధనలో బాలింతరాలి శుద్ధి దినాలున్నాయి కదా, నలభై, ఎనభై అని. మనం ఆ అధ్యాయం వస్తే పేజీ తిప్పేస్తాం. వాళ్ళు తిప్పలేదు. పైగా వాళ్ళ బైబిల్లో మన దాంట్లో లేని పుస్తకాలున్నాయి. అందులో ఒకదానిలో, దేవుడు ఆదామును చేసిన నలభయ్యో రోజున ఏదెను తోటలోకి తీసుకెళ్ళాడనీ, హవ్వను ఎనభయ్యో రోజున తీసుకెళ్ళాడనీ ఉందట.

"నా కూతురు ఇప్పుడు తోట బయట ఉంది," అంది సెలామావిట్. "నేనూ బయటే ఉన్నాను తనతో. తన రోజు వస్తే ఇద్దరం కలిసి లోపలికి వెళ్తాం."

"మరి నేను ఆ రోజు నీళ్ళు పోసి ఉంటే?"

"అప్పుడు మీ బిడ్డ అవుతుంది. బతికితే ఏ గుమ్మంలోంచి తీసుకెళ్ళను?"

"పోయి ఉంటే?"

ఆమె నా కళ్ళలోకి చూసింది. "పోయేలా ఉంటే రోజు వచ్చేదాకా ఆగరు. అబ్బా వచ్చి ఇస్తారు, దానికి ఒప్పుకుంటారు. కానీ అబ్బా చేతి మీదుగానే కావాలి. ఆ రోజు పోదని నాకు తెలుసు. పాదం వెచ్చగానే ఉంది." అబ్బా అంటే వాళ్ళ పూజారి.

తర్వాత తనే అడిగింది. "ష్వెస్టర్, మీకు బైబిలు ఎవరిచ్చారు?"

"దొరలు. మా తాతల కాలంలో మిషనరీలు తెచ్చారు. మా నాయనమ్మకు అక్షరాలు వచ్చింది ఆ బైబిలు చదవడానికే."

"మాకు తెల్లవాళ్ళెవరూ ఇవ్వలేదు. వాళ్ళు వచ్చేటప్పటికే మా దగ్గర ఉంది. మేం దాచుకున్నాం."

గొప్పలకు పోయి చెప్పలేదు ఆ మాట. వాళ్ళింట్లో పాత రాగి బిందె ఉందని చెప్పినట్టు చెప్పింది. వాళ్ళు చదివేది గీజ్ అనే పాత భాషలో. ఇప్పుడు ఎవరూ మాట్లాడరు దాన్ని. అర్థం కాని భాషలో ప్రార్థన ఎందుకని నేను దబాయించాను. మా వాళ్ళు తెలుగులో బైబిలు కోసం ఎంత తపించారో చెప్పాను. ఆమె విని, "మా అమ్మమ్మ గొంతు నాకు అర్థం కాకముందే తెలుసు కదా," అంది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మనమూ బైబిలు మనుషులమే అనుకుంటాం. జనవరి ఒకటిన వాగ్దాన వాక్యం కార్డు తీసుకుని, బాగుంటే ఫ్రిజ్ మీద అంటించుకుని, లేకపోతే ఇంకోటి తీసుకుంటాం. బాగున్నది మనది, కష్టమైనది యూదులది. సెలామావిట్ వాళ్ళు అలా ఏరుకోలేదు. పంది మాంసం తినరు. ఆదివారంతో పాటు శనివారాన్నీ పాటిస్తారు. మగపిల్లాడికి ఎనిమిదో రోజు సున్నతి. గుళ్ళోకి చెప్పులతో వెళ్ళరు. ఆ పుస్తకం వాళ్ళకు ఎక్కడో యెరూషలేములో జరిగిన కథ కాదు, వాళ్ళ ఇంటి పద్ధతి. ఎవరు మీరంటే ఇథియోపియన్లం అనడానికీ క్రైస్తవులం అనడానికీ ఆమెకు తేడా తెలియదు. అది మంచిదా చెడ్డదా అని నన్నడగకండి. బాలింతను ఎనభై రోజులు గుడి బయట ఉంచే పద్ధతి నాకు నచ్చలేదు, ఆమెతోనే ఆ మాట అన్నాను. ఆమె నవ్వింది. "బయట ఉంచడం కాదు ష్వెస్టర్, బిడ్డను ఒంటరిగా వదలకపోవడం." నేను చూసిన నవ్వు అదొక్కటే.

కుర్చీ

ఇంకో రెండు వారాలుంటే ఎనభై నిండుతాయి. బిడ్డ బరువు పెరుగుతోంది, అబ్బాతో మాట్లాడి రోజు ఖాయం చేసుకున్నారు. అప్పుడు పేగులకు ఇన్ఫెక్షన్ వచ్చింది. నెలలు నిండని పిల్లల్లో అది మాకు తెలిసిన శత్రువే. పొట్ట ఉబ్బి, రంగు మారి, ఒక పూటలో బిడ్డ మనిషి కాకుండా పోయింది. సర్జన్ చూసి, కోసినా లాభం లేదని చెప్పాడు.

శనివారం ఉదయం. యోనాస్ ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నాడు, గోడౌన్‌లో సగం మందికి పాజిటివ్ వచ్చింది. ఆ వారం నుంచి సెలామావిట్ ఇంటికి వెళ్ళకుండా ఆసుపత్రిలో తల్లుల గదిలోనే ఉంటోంది. సెలామావిట్ బిడ్డ పాదం పట్టుకుని చూసి, నాతో, "చల్లబడుతోంది. అబ్బాను పిలవండి," అంది.

అబ్బా గంటలోపే వచ్చాడు. ట్యాక్సీ నడుపుకుంటూ వారాంతంలో పూజారి పని చేసే మనిషి. తెల్ల గుడ్డ, చేతి శిలువ, చిన్న సీసాలో నూనె. గేటు దగ్గర ఆపేశారు. మా ఆసుపత్రి పాస్టర్‌కు లోపలికి రావడానికి అనుమతి ఉంది, ఈయన పేరు ఆ జాబితాలో లేదు. నేను ఫ్రౌ కెల్లర్ దగ్గరికి పరిగెత్తాను.

"నిర్మలా, ఆ గదిలో ఇంకా ముగ్గురు పిల్లలున్నారు," అంది.

"నాకు తెలీదా? నేనేగా చూస్తోంది వాళ్ళని. పది నిమిషాలు."

"నాకే అధికారముంటే ఇప్పుడే పంపేదాన్ని." హైజీన్ ఆఫీసరుకు ఫోన్ చేసింది. శనివారం, ఎవరూ ఎత్తరు. మళ్ళీ చేసింది. మళ్ళీ. చివరికి ఎవరో ఎత్తి చెప్పిన జవాబు ఒక్కటే. బిడ్డకు ఒక్కరు. ఎవరైనా సరే, ఒక్కరు.

ఆ మాట నేనే వెళ్ళి సెలామావిట్‌కు చెప్పాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా నోటి నుంచి వచ్చిన అన్ని మాటల్లో చేదు మాట అది. చెప్పాను. తల్లో, అబ్బానో.

ఆమె వెంటనే లేచింది. నేను ఆపాను. "ఆలోచించమ్మా. మళ్ళీ లోపలికి రావాలంటే టెస్ట్ చెయ్యాలి, కూర్చోవాలి. ఈలోపు..."

"నేను ఎలాగూ బయట నిలబడాల్సినదాన్నే," అంది సెలామావిట్. "తనని లోపలికి పంపాలి. తను లోపలికి వెళ్ళాలి." వంగి, గాజు మీద పెదవులు ఆనించి ఏదో చెప్పింది. పాదం వదిలేసింది. గౌను విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చింది. ఆ గుడ్డను మడతపెట్టాల్సిన పని లేదు, చెత్తలో పడేసేదే.

గేటు దగ్గరే టెస్ట్ అయిన అబ్బా గౌను వేసుకుని వచ్చాడు. ఆ పాత భాషలో గొంతు పెంచకుండా మొదలుపెట్టాడు. ముంచడం కుదరదు, మూడుసార్లు వేళ్ళతో నీళ్ళు తీసి తడిపాడు. ఆయన నీళ్ళు తేలేదు, నన్నడిగాడు. నేను బీరువాలోంచి సిస్టర్ గెర్ట్రూడ్ సీసా తెచ్చిచ్చాను. నూనె రాశాడు. బాప్తిస్మమైనవాళ్ళ మెడలో కట్టే నల్ల దారాన్ని, బిడ్డ మెడలో సూదులుండడం వల్ల, మణికట్టుకు కట్టాడు. పేరు పెట్టాడు, వలత్త మరియం. మరియమ్మ కూతురని. ఒక్క మాట నాకు అర్థం కాలేదు, అయినా కళ్ళద్దాల మీద నీళ్ళు నిలిచి ఏమీ కనబడలేదు. శాంతి మూలన నిలబడి ఉంది.

అబ్బా బయటికి నడవగానే నేను కారిడార్‌లోకి కేక పెట్టాను, ఆమెకు టెస్ట్ చెయ్యమని. లోపల ఒకరుండగా రెండోవాళ్ళకు టెస్ట్ మొదలుపెట్టనివ్వరు. బిడ్డను ఇంక్యుబేటర్ నుంచి తీశాను. తల్లి రాగానే ఒళ్ళో పెట్టాలని మెత్తని గుడ్డలో చుట్టి, కుర్చీలో కూర్చుని, నా ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. తలుపులోని గాజు పలకలోంచి సెలామావిట్ కనబడుతోంది, కుర్చీ అంచున కూర్చుని, పక్క బల్ల మీద టెస్ట్ పట్టీ. ఆమె పట్టీని చూడడం లేదు, నన్ను చూస్తోంది.

బిడ్డ నా ఒళ్ళోనే పోయింది. తలుపుకు ఇవతల. అవతల తల్లికి నా మొహం చూసి తెలిసిపోయింది. పట్టీ మీద ఫలితం తర్వాత తేలింది. నెగెటివ్.

ఆమె లోపలికి వచ్చి బిడ్డను తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. మణికట్టు దారం చూసి, "పేరేం పెట్టారు?" అని అడిగింది. నేను చెప్పాను. ఆ పేరు రెండుసార్లు పలికింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు గురించి నేను రాయలేను.

ఫ్రౌ కెల్లర్ ఆ సాయంత్రం మందుల గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "రూల్ తప్పు కాదు కదా, నిర్మలా?" అంది. తప్పు కాదన్నాను. మిగతా ముగ్గురు పిల్లలూ తర్వాత క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు. అయినా నా కోపం చల్లారలేదు, ఇప్పటికీ చల్లారలేదు. ఒక తల్లికి ఆ బేరం పెట్టినవాళ్ళం మేం. రూల్ తప్పు కానంత మాత్రాన చేసిన పని మంచిదైపోదు. ఇది ఏ పరీక్షలోనూ రాదు, అందుకే చెబుతున్నాను.

గుమ్మం

రెండు వారాల తర్వాత సెలామావిట్ ఫోన్ చేసింది. "ష్వెస్టర్, ఆదివారం ఎనభై. నన్ను గుడికి తీసుకెళ్తారా? యోనాస్‌కి ఇంకా ఒంట్లో బాగాలేదు."

"ఇంకా ఆ లెక్క ఉందా?" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

"బిడ్డ పోతే లెక్క పోదు," అంది.

వాళ్ళకు సొంత గుడి లేదు. ఒక జర్మన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటారు. సన్నగా మంచు వాన. ఆమె తెల్ల పైట తల మీదుగా కప్పుకుంది. మెట్ల దగ్గర బూట్లు విప్పి, తడి రాతి మీద కాళ్ళు పెట్టింది. మా ఊరి చర్చి బయట కూడా ఒకప్పుడు చెప్పులు వరసగా ఉండేవి. ఎప్పుడు మానేశామో నాకు గుర్తు లేదు. నేను గొడుగు పట్టుకుని మెట్ల కిందే నిలబడ్డాను. అది ఆమె రోజు, నాకు లోపల పని లేదు.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఆ చర్చి తాలూకు జర్మన్ పెద్దాయన కూర్చున్నాడు. మాస్కు పైన తెల్ల కనుబొమ్మలు. కరోనా పద్ధతి ప్రకారం వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడు.

"ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరం," అంది సెలామావిట్.

ఆయన నా వైపు చూశాడు. నేను రావడం లేదని చెయ్యి ఊపాను. మళ్ళీ ఆమెను చూశాడు. ఒడి ఖాళీ, ఒక చేతి గుప్పిట్లో బిడ్డ నల్ల దారం.

"రెండో పేరు?"

"వలత్త మరియం." ఆయనకు అందకపోతే ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది. తొందర లేకుండా, మొత్తం.

ఆయన రాసుకున్నాడు. పెన్ను పక్కన పెట్టి, ఆ రోజు అందరినీ అడుగుతున్న మాటే అడిగాడు. "ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళా?"

"అవును."

"అయితే కుర్చీలు దూరంగా వెయ్యక్కర్లేదు," అన్నాడు పెద్దాయన, గొంతు కొంచెం తగ్గించి. లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "పక్కపక్కనే కూర్చోవచ్చు."

సెలామావిట్ గడప మీద చెయ్యి ఆనించి ముద్దు పెట్టుకుని, లోపలికి వెళ్ళింది.